ఒడ్డున ఒక జలాంతర్గామి, కడలి అడుగున మరొకటి

ప్రాచీన యుద్ధాలను చూపే ప్రదర్శనశాలకూ ఆధునిక యుద్ధాలను చూపే ప్రదర్శనశాలకూ మధ్య ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. శతాబ్దాల నాటి కత్తిని అద్దాల పెట్టెలో చూస్తున్నప్పుడు దాని లోహం, పనితనం, పిడి మీది నగిషీ చూపరి దృష్టిని నిలుపుతాయే తప్ప, దాని వేటుకు కూలిన మనిషి కోసం కన్నీరు పెట్టేవారెవరూ ఈనాడు మిగిలి ఉండరు. ఆధునిక యుద్ధ చిహ్నాల సంగతి వేరు. వాటిని వాడినవారిలో కొందరు ఇంకా సజీవులు. వాటివల్ల తండ్రినో భర్తనో కోల్పోయినవారు కూడా సజీవులే. పైగా వాటిని ప్రదర్శనకు పెట్టేది సాధారణంగా ఆ యుద్ధంలో పోరాడిన పక్షాల్లో ఒకటి. అందువల్ల ఇలాంటి చోట్లకు వెళ్లేవారికి అక్కడ ఉన్నదాన్ని చూడటంతో పాటు, లేనిదాన్ని గుర్తుచేసుకునే బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యత ఎలాంటిదో తెలుసుకోవడానికి తెలుగువారికి విశాఖపట్నం బీచ్ రోడ్డు కన్నా తగిన చోటు లేదు.

విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. 1941లో అక్కడే నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మద్రాసు, కలకత్తా రేవుల మధ్య పెద్ద నౌకలు సురక్షితంగా నిలవగల లోతైన రేవు ఏర్పడటం వాణిజ్యానికి ఎంత మేలు చేసిందో, యుద్ధకాలంలో శత్రువు కన్ను పడటానికీ అంతే కారణమైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి చొచ్చుకువచ్చినప్పుడు, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి, డచ్చివారి కాలపు బంగళాలో ఏర్పాటైన విశాఖ మ్యూజియంలో నేటికీ కనిపిస్తుంది. ఐరోపాలోనూ బర్మాలోనూ జరిగిందని పాఠ్యపుస్తకాల్లో చదివే యుద్ధం తెలుగు తీరాన్ని కూడా తాకిందనడానికి ఆ ఇనుప తునక ప్రత్యక్ష సాక్ష్యం.

అయితే ఆ బాంబు చెప్పగలిగేది కొంతే. ఏ దేశం తయారుచేసిందో, ఎందుకు పేలలేదో నిపుణులు దాన్ని చూసి చెప్పగలరు గాని, ఆ రోజున పట్నం వదిలి పల్లెల్లోని బంధువుల ఇళ్లకు తరలిపోయిన కుటుంబాలు ఎలాంటి భయంతో మూటలు కట్టుకున్నాయో, రేవు కూలీల బతుకు ఏమైందో, తిరిగి వచ్చేసరికి ఎవరి ఇంట ఏమి మిగిలిందో దాన్ని చూసి తెలుసుకోవడం సాధ్యం కాదు. ఆయుధం తనంత తానుగా నిలుస్తుంది, భయం నిలవదు. దాన్ని ఎవరో అడిగి, విని, రాసి ఉంచాలి. ఆధునిక యుద్ధాల ప్రదర్శనశాలల్లో వస్తువులకున్న చోటు మాటలకు ఉండకపోవడం ఒక లోపం.

బీచ్ రోడ్డు మీద ఎక్కువమంది సందర్శకులను ఆకర్షించేది కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో నిర్మితమై 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరిన ఈ నౌక, 31 సంవత్సరాలు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. తర్వాత దాన్ని రామకృష్ణా బీచ్‌లోని ఇసుక మీదికి లాగి నిలిపి, 2002 ఆగస్టులో ప్రజల సందర్శనకు తెరిచారు. 91 మీటర్ల పొడవున్న ఈ నౌక లోపల ఏడు గదులు వరుసగా ఉంటాయి. ఒక గదిలోకి నీరు చొరబడితే మిగిలినవాటిని కాపాడుకునేందుకు ప్రతి రెండు గదుల మధ్యా మనిషి వంగి దూరవలసిన ఇరుకైన గుండ్రటి ద్వారం, దానికి బిగించే బరువైన తలుపు ఉంటాయి. ముందు గదిలోనూ వెనుక గదిలోనూ ఉన్న గొట్టాలు టార్పెడోలను, అంటే నీటిలో తమ మోటారు బలంతో దూసుకుపోయి నౌక అడుగును పేల్చే ఆయుధాలను, వదలడానికి ఉద్దేశించినవి.

ఇలాంటి నౌక నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతోను, నీటి అడుగున బ్యాటరీల విద్యుత్తుతోను నడుస్తుంది. డీజిల్ మండడానికి గాలి కావాలి గనుక, బ్యాటరీలు అయిపోగానే పైకి రావడమో, స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకోవడమో తప్పదు. శత్రువుకు చిక్కేది సరిగ్గా ఆ సమయంలోనే. సుమారు 75 మంది నావికులు వారాల తరబడి ఎండ చూడకుండా, స్నానానికి మంచినీరు లేకుండా, ఇంజన్ల వేడిలో, డీజిల్ వాసనలో, పక్కనే టార్పెడోలున్న పడకల మీద వంతులవారీగా నిద్రించి పనిచేసిన చోటు ఇది. నౌకను చూపించే మార్గదర్శకుల్లో నౌకాదళంలో పనిచేసి విరమించినవారు ఉండటం ఈ ప్రదర్శనశాలకు దక్కిన గొప్ప వరం. యంత్రాల పేర్ల కన్నా అక్కడి జీవితాన్ని గురించి వారిని అడగడమే సందర్శకులకు ఎక్కువ లాభం.

కురుసురను చూసి వచ్చేవారిలో కొందరు, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచినది ఇదేనని అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. 1971 యుద్ధపు రోజుల్లో కురుసురకు అప్పగించిన గస్తీ పడమట అరేబియా సముద్రంలో. ఘాజీ కథ తూర్పు తీరానిది. అమెరికాలో 1944లో డియాబ్లో పేరుతో జలప్రవేశం చేసి, 1960లలో పాకిస్తాన్‌కు చేరిన ఆ జలాంతర్గామి, భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు 1971 నవంబరులో కరాచీ నుంచి బయలుదేరి ద్వీపకల్పాన్ని చుట్టి వచ్చింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా ఏర్పాట్లు చేశారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు వెలుపల పెద్ద పేలుడు సంభవించింది. 90 మందికి పైగా నావికులతో ఘాజీ మునిగిపోయింది.

ఆ పేలుడుకు కారణం మీద రెండు దేశాలు నేటికీ ఏకీభవించలేదు. రాజ్‌పుత్ అనే భారత యుద్ధనౌక వదిలిన డెప్త్ చార్జీలే, అంటే నిర్ణీత లోతుకు చేరాక పేలే బాంబులే, ఘాజీని ముంచాయని భారత నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మందుపాతర వల్లనో లోపల జరిగిన ప్రమాదం వల్లనో అది పేలిందని పాకిస్తాన్ వాదిస్తుంది. బీచ్ రోడ్డు మీద 1996లో నిర్మించిన విజయ స్మారకం ఆ యుద్ధంలో గెలుపును స్మరించడం సహజమే, న్యాయమే. తేలని ప్రశ్నను తేలలేదని చెప్పడం వల్ల ఆ గెలుపు విలువ తగ్గదు. బంగ్లాదేశ్ ఆవిర్భావంతో ముగిసిన విజయం ఒక్క జలాంతర్గామి మునక మీద ఆధారపడినది కాదు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ చిత్రం చూసి చరిత్రను తెలుసుకున్నామనుకునే యువతరానికి, కథకూ ఆధారానికీ తేడా చూపవలసిన చోటు ప్రదర్శనశాలే.

కురుసుర ఒడ్డున నిలిచినట్టే, కరాచీలోని సముద్రయాన ప్రదర్శనశాలలో హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి నిలిచి ఉంది. 1971 డిసెంబరు 9న గుజరాత్ తీరానికి ఆవల భారత యుద్ధనౌక ఖుక్రీని టార్పెడోతో ముంచినది అదే. ఆ ఘటనలో 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రావడానికి ఇష్టపడక దానితోనే మునిగిపోయారు. వారి స్మారకం డయ్యూలో సముద్రం వైపు ముఖం చేసి ఉంది. కరాచీలో గర్వంగా చూసే నౌక డయ్యూలో దుఃఖానికి కారణమైతే, విశాఖలో గర్వంగా చెప్పుకునే మునక కరాచీలో ఎన్నో ఇళ్లలో దుఃఖమైంది. ఇరువైపులా ప్రదర్శనశాలలు తమ వంతు సగాన్ని నిజాయితీగానే చూపుతాయి. రెండో సగాన్ని కూర్చుకోవలసినది సందర్శకుడే.

ఆ కూర్పు అసాధ్యం కాదనడానికి రెండు నిదర్శనాలున్నాయి. మొదటిది విశాఖ సముద్రంలోనే ఉంది. లోతున చిక్కిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు సమకూర్చుకున్న రక్షణ నౌక సాయంతో భారత నౌకాదళం ఘాజీ శకలాలను గుర్తించినట్టు 2024లో వెల్లడైంది; ప్రాణాలు కోల్పోయినవారి మీద గౌరవంతో వాటిని తాకలేదు. రెండో నిదర్శనం మణిపూర్‌లో ఉంది. 1944లో భీకర పోరు జరిగిన ఇంఫాల్ సమీపంలోని ఎర్రకొండ దిగువన జపాన్ ప్రభుత్వం శాంతి స్మారకం నిర్మించగా, 2019లో అక్కడే శాంతి ప్రదర్శనశాల వెలసింది. దాడికి వచ్చిన దేశం, దాడిని తిప్పికొట్టిన సైన్యాల వారసులు, ఇద్దరి మధ్య నలిగిన స్థానిక ప్రజలు ఒకే చోట స్మరణ పొందడం అక్కడి ప్రత్యేకత.

కురుసురకు ఎదురుగా 2017 నుంచి టీయూ-142 విమానం సందర్శకులకు అందుబాటులో ఉంది. ఇది జలాంతర్గాములను వెతికే విమానం. సముద్రంలోకి వదిలిన సొనోబాయ్‌లు, అంటే నీటి అడుగు శబ్దాలను విని రేడియో ద్వారా పంపే తేలుడు పరికరాలు, దీనికి చెవులు. వేటాడేదాన్నీ, వేటకు గురయ్యేదాన్నీ రోడ్డుకు అటూ ఇటూ చూసే అవకాశం అరుదు. కాని ఇలాంటి సంపద శాశ్వతం కాదు. ఉప్పుగాలిలో ఇనుము నిరంతరం తుప్పు పడుతుంది, మరమ్మతుకు ప్రతి ఏటా డబ్బు కావాలి. ఘాజీ వెతికిన విక్రాంత్ కూడా విరమణ తర్వాత ముంబైలో కొంతకాలం ప్రదర్శనశాలగా నిలిచి, పోషణ భారమై 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. టికెట్టు కొని లోపలికి వెళ్లే ప్రతి కుటుంబం ఆ పోషణలో భాగస్వామి అవుతుంది.

ఈ ప్రదర్శనశాలల నుంచి గర్వంతో మాత్రమే బయటికి వచ్చేవారు వాటిని సగమే చూసినట్టు. దేశం కోసం ఇరుకు గదుల్లో ఆరోగ్యాన్ని, ఆయుష్షును పణంగా పెట్టినవారి పట్ల గౌరవమూ, ఎదుటి నౌకలో ఉన్నవారూ అలాంటి మనుషులేనన్న ఎరుకా ఒకే మనసులో ఇమడగలవు, ఇమడాలి కూడా. విద్యార్థులను బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లే ఉపాధ్యాయులు కురుసురతో ఆగకుండా విశాఖ మ్యూజియంలోని ఆ బాంబు దగ్గరికి కూడా తీసుకువెళ్లాలి. 1942లో పట్నం వదిలి వెళ్లినవారిలో అప్పటికి పసిపిల్లలుగా ఉన్నవారు మాత్రమే నేడు మిగిలి ఉంటారు. వారి జ్ఞాపకాలనూ, వారు తమ పెద్దల నోట విన్న మాటలనూ విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, వారి కుటుంబాలు ఇప్పుడే అడిగి రాసి పెట్టాలి. పదేళ్ల తర్వాత ఆ పని చేయాలనుకున్నా చెప్పేవారు ఉండరు.