రాత్రి తొమ్మిదింటి మిస్డ్ కాల్

మార్చి నెల. మా ఆర్మూరు చుట్టూ పసుపు ఉడకబెట్టి కళ్ళాల్లో ఆరబోసే కాలం. సెలవులకు ఇంటికొచ్చాను. అక్కను, రెండు రోజుల బాబును దవాఖాన నుంచి తీసుకొచ్చేసరికి నానమ్మ గిన్నెలో తేనెతో గడప దగ్గరే నిలబడింది.

"వద్దు నానమ్మా" అన్నాను.

"నీకేం ఎరుకరా? మీ అందరికి నేనే నాకిచ్చిన. ఏమైంది?" అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

అక్కకు హెచ్‌ఐవి ఉంది. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో తెలిసింది. బావకు, నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా వచ్చిందని మీరు అడుగుతారేమో. నేను అడగలేదు. అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "బిడ్డకు గూడ వస్తదా తమ్మీ?"

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చదివాను. ఏ మందూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరిగ్గా వాడితే 5 శాతం లోపే. మన దేశంలో 2002లో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు నొప్పుల సమయంలో తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు ఒక మోతాదు, అంతే. 2014 నుంచి మాత్రం హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. అక్కకు రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర. గుర్తు చేయడానికి రోజూ మిస్డ్ కాల్ ఇచ్చేవాణ్ణి.

బాబుకు ఆరు వారాలు రోజూ నెవిరపిన్ మందు. "విటమిన్ చుక్కలు" అని చెప్పాం, నమ్మారు. తేనె దగ్గరే చిక్కొచ్చింది. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏదీ పెట్టొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. వేరేవి కలిస్తే పసిపేగు దెబ్బతిని వైరస్‌కు దారి దొరకొచ్చట. అసలు కారణం చెప్పకుండా నానమ్మను ఆపడమెట్లా? చివరికి గిన్నె లాక్కున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆరో వారం పరీక్షలో లేదని వచ్చింది. కానీ బాబు ఇంకా పాలు తాగుతున్నాడు. పైగా తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు. అందుకే ఖాయంగా చెప్పేది అప్పుడే. అంటే నాకు మూడు సెమిస్టర్లు. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"అల్లుడు పాసయ్యిండురా!"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఒకరికి హెచ్‌ఐవి ఉందని వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. అందుకే ఇది రాసే ముందు అక్కను అడిగాను. "పేరు రాయకు. పరీక్ష తొందరగ చేయించుకోమని మాత్రం రాయి" అంది. మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే చెప్పండి. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు, ఉచితం.

నానమ్మకు ఇంకా చెప్పలేదు. మొన్న బాబు రొట్టెకు తేనె అద్దుకుని తింటుంటే, "సూడు, ఇప్పుడేమైతుంది?" అని నన్ను దెప్పింది. "ఏం గాదు నానమ్మా, తిననీ" అన్నాను.