నిలకడ

పద్యమునకు యతిప్రాసలు కుదిరినట్లే యంత్రమునకు కూడ కొన్ని పొందికలు కుదరవలెను. తెలుగు పాఠము చెప్పుకొను మాకు స్కూటరు మరమ్మతుతో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చును. కాని కిందటి వేసవిలో ఒక పాత బండి ముందు కూర్చుండి మూడు సాయంకాలములు గడిపిన పిమ్మట, ఆ ముచ్చట మా విద్యార్థులకు చెప్పదగినదని మాకు తోచినది.

స్కూటరు పుట్టుక చిన్నది కాదు. 1946లో ఇటలీ దేశమున పియాజియో సంస్థ వెస్పాను వెలువరించినది. దానిని రూపొందించిన కొరాడినో దాస్కానియో విమానములు, హెలికాప్టరుల నిర్మాణములో ఆరితేరిన ఇంజినీరు. మన దేశములో అదే కోవకు చెందిన బజాజ్ చేతక్ 1972లో వచ్చినది. డబ్బు కట్టి ఏండ్ల తరబడి బండి కొరకు ఎదురు చూచిన కుటుంబములు మన ఊళ్ళలో ఎన్నియో కలవు. ఆ పెట్రోలు బండి తయారీ ముగిసిన చరిత్ర అయినది. 2020లో అదే పేరుతో విద్యుత్తు బండి మార్కెట్టులోనికి వచ్చినది. అయినను పాత బండ్లు కొన్ని చిన్న వ్యాపారుల చేతులలో నేటికిని శ్రమిస్తూనే ఉన్నవి. మేము చెప్పబోవునది అట్టి ఒక 150 సీసీ బండి కథ.

దాని యజమాని మా విద్యార్థి తండ్రి. ఆయన గాజుల వ్యాపారి. ఉదయము గాజుల పెట్టెలు కట్టుకొని కర్నూలు చుట్టుపట్ల పల్లెలకు పోయి, మధ్యాహ్నమునకు తిరిగి వచ్చును. తరువాత బండి కుమారునిది. పాత కార్బురేటరు అరిగిపోయి, దానికి తగిన సామాను దొరకక, ఎవరో ఒక నూరు సీసీ మోటారుసైకిలు కార్బురేటరును తెచ్చి, లేతు మీద ఒక గొట్టము చేయించి తగిలించినారు. అంతకు మునుపే సిలిండరును బోరు చేయించి పెద్ద పిస్టన్ వేసినారు. కుమారుడు తన వంతుగా సైలెన్సరు మార్చి, లోపల అడ్డు లేని గొట్టమొకటి బిగించినాడు. ఫలితముగా బండికి గర్జన వచ్చినది గాని నిలకడ పోయినది. ఎక్సిలరేటరు వదలినంతనే ఒకసారి దానంతట అదే కేకలు పెట్టును. మరొకసారి చల్లగా ఆగిపోవును. ఇంటింటి ముందు ఆగి అమ్ముకొను మనిషికి ఆగినచోటనెల్ల కిక్కు కొట్టవలసి వచ్చి మోకాలు వాచినది. బయలుదేరునప్పుడు బండి ఇచ్చు కుదుపునకు గాజులు చిట్లుచున్నవి. ఇక దీనిని పాత ఇనుముకు అమ్మివేయుదుమని తండ్రి, ఇంకొంచెము వేగము పెంచుదమని కొడుకు. ఇద్దరి నడుమ వాదము ముదిరిన పిమ్మట బండి మా పరిచయస్థుడైన ఒక ఉస్తాద్ దుకాణమునకు చేరినది.

ఉస్తాద్ మొదట బండిని చూడలేదు. తండ్రిని చూచి అడిగినారు.

"భాయ్, మీరు బండి ఎట్లా నడుపుతారు?"

"నడిపేది తక్కువ ఉస్తాద్, ఆపేది ఎక్కువ."

ఆ మాట విని ఉస్తాద్ తల ఊపినారు. చేయవలసిన పని అంతయు ఆ ఒక్క జవాబులో ఆయనకు తెలిసిపోయినది.

మేము స్క్రూడ్రైవరు అందించబోగా ఆయన వారించినారు. "సాబ్, పేచ్ ఎప్పుడైనా తిప్పవచ్చు. ముందు ఆవాజ్ వినండి." బండిని స్టార్టు చేసి, ఎక్సిలరేటరు ఒకసారి తిప్పి వదలినారు. వేగము తగ్గవలసినది పోయి పైననే వ్రేలాడి, చాలసేపటికి దిగినది. ప్లగ్గు విప్పి చూడగా దాని మొన సున్నము పూసినట్లు తెల్లగా ఉన్నది. పెట్రోలు పాలు తక్కువై గాలి పాలు ఎక్కువైనదనుటకు ఈ రెండును సాక్ష్యములు. నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువైనట్లు. ఇటుక పొడి వంటి గోధుమరంగు ఉన్నచో పాళ్ళు కుదిరినట్లు.

ఇచట ఒక విషయము విద్యార్థులు గమనింపవలెను. రెండు స్ట్రోకుల ఇంజిను ప్రతి చుట్టుకును ఒకసారి మండును. దాని పిస్టనుకు వేరుగా నూనె అందదు. లీటరు పెట్రోలులో సుమారు 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన నూనెయే దానికి రక్ష. కనుక పెట్రోలు పాలు తగ్గినచో వేడి పెరుగుటయే గాక నూనె కూడ తగ్గును. అట్టి స్థితిలో దూరము వేగముగా పోయినచో పిస్టను ఉబ్బి సిలిండరును పట్టివేయును; పరుగెత్తుచున్న బండి వెనుక చక్రము ఒక్కసారి బిగుసుకొనును. తక్షణము క్లచ్ నొక్కని యెడల మనిషి రోడ్డు మీద పడును. కుర్రవాడు "పికప్" అని మురిసినది ఈ ప్రమాదమునకు తొలిమెట్టు.

దొంగగాలి ఎక్కడ నుండి వచ్చుచున్నదో కనుగొనుటకు ఉస్తాద్ చేసిన పని బహు సులభమైనది. ఇంజిను తిరుగుచుండగా ఆ లేతు గొట్టపు అతుకు చుట్టును వ్రేలితో గ్రీజు పట్టించినారు. వెంటనే మోత దిగినది. అతుకు ముఖము వంకరగా ఉన్నది. గాజుపలక మీద గరుకు కాగితము పరచి, దానిపై ఆ ముఖమును గుండ్రముగా రుద్ది సమము చేసి, కొత్త ప్యాకింగు వేసి బిగించుటతో మొదటి సాయంకాలము ముగిసినది. ఇంతవరకును కార్బురేటరు మరను ఎవరును ముట్టలేదు.

రెండవనాడు నిప్పు వంతు. పాయింట్ల ఎడమును 0.4 మిల్లీమీటరుకు, ప్లగ్గు ఎడమును 0.6 మిల్లీమీటరుకు సరిచేసి, టైమింగు గుర్తుకు గుర్తు కలిపి చూచినారు. తరువాత సైలెన్సరు. ఇంటి అటక మీద ఉన్న పాత సైలెన్సరును తెప్పించి, నిప్పుల మీద కాల్చి, పేరుకొన్న మసిని దులిపించినారు. కుర్రవాని ముఖము వాడినది.

"ఇది వేస్తే పికప్ పోతుంది ఉస్తాద్!"

"బేటా, మోత వేరు, జోరు వేరు."

ఈ మాట ఉత్త చమత్కారము కాదు. రెండు స్ట్రోకుల ఇంజినులో పొగగొట్టము పొగను పంపుటకు మాత్రమే ఉన్నది కాదు. పోవు పొగతో పాటు కొంత కొత్త మిశ్రమము కూడ బయటికి జారును. గొట్టము ఆకారము సరిగా ఉన్నచో ఒత్తిడి అల వెనుకకు మరలి దానిని తిరిగి సిలిండరులోనికి నెట్టును. 1950 దశకములో తూర్పు జర్మనీకి చెందిన ఎం.జెడ్. సంస్థలో వాల్టర్ కాడెన్ అను ఇంజినీరు పందెపు బండ్ల కొరకు ఈ విద్యను సాధించి చూపినాడు. కొలత లేని ఉత్త గొట్టము బిగించినచో అల మరలదు, మిశ్రమము వృథా యగును, ఊరి చెవులు చిల్లులు పడును.

మూడవనాడు గాని కార్బురేటరు వంతు రాలేదు. చల్లని ఇంజినుకు చేసిన సవరణ వేడియెక్కిన పిమ్మట నిలువదని, బండిని ముందుగా నాలుగు కిలోమీటర్లు నడిపించినారు. గాలిమరను మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనుకకు తిప్పినారు. వేగపు మరతో ఇంజినును కొంచెము హెచ్చుగా తిరుగనిచ్చి, గాలిమరను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు త్రిప్పుచు, ఏచోట ఇంజిను మిక్కిలి హాయిగా తిరుగునో ఆచోట ఆపినారు. మరల వేగము తగ్గించి, మరల గాలిమర. తంబురాకు శ్రుతి పెట్టువాడు తంతిని సవరించి చెవి యొగ్గినట్లు ఇది రెండు మూడు మార్లు జరిగినది. ఉర్దూలో 'సుర్ మిలానా' అందురు. ఆ మాట అక్కడ మాకు అక్షరాల కనబడినది.

నిలకడకు చిన్న జెట్టు, నడిమి వేగమునకు సూది, పూర్తి వేగమునకు పెద్ద జెట్టు ఏలికలు. చిన్న ఇంజినుకు పుట్టిన కార్బురేటరు గనుక పెద్ద జెట్టును ఒక అంకె పెంచి, నంద్యాల రోడ్డు మీద పూర్తి వేగమున పోయి, క్లచ్ పట్టి ఇంజిను ఆపి, ప్లగ్గు చూచినారు. గోధుమరంగు వచ్చినది. ఇంకొక అంకె తగ్గించినచో వేగము కొంచెము పెరుగునేమోనని కుర్రవాడు అడిగినాడు. ఉస్తాద్ తండ్రి వైపు చూపి, "ఈ బండి ఆయనది బేటా" అని ఊరకున్నారు.

ఆ జవాబు మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది. ఒక్క ఇంజినును వేగమునకును కూర్చవచ్చును, నిలకడకును కూర్చవచ్చును. రెంటిని కొంతకొంత పొందవచ్చును గాని రెంటిని పూర్తిగా పొందజాలము. దేనిని ఎంత వదలుకొనవలెనో మర చెప్పదు. ఆ బండి మీద బ్రతుకు మనిషి చెప్పవలెను. మరియొక సంగతి. లోపము ఒకచోట నుండగా ఇంకొకచోట మర తిప్పి కప్పిపుచ్చుట మన అలవాటు. అతుకులో దొంగగాలి దూరుచుండగా వేగపు మర బిగించినచో ఒక పూట బండి ఆగకుండ ఉండునేమో. లోపల పిస్టను మాత్రము కాలుచునే ఉండును. ముందు అతుకులు, తరువాత నిప్పు, చిట్టచివర పాళ్ళు అను ఆ వరుస తప్పరాదు.

విద్యార్థి మిత్రులకు ఇంకొక మనవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నముగా, రిజిస్ట్రేషను వివరములు మారునట్లు బండిని మార్చుట నిషిద్ధము. మోతకును పొగకును వేరే శిక్షలు కలవు. మరమ్మతు వేరు, మార్పు వేరు. ఈ బండికి కూడ పొగ పరీక్ష చేయించి పత్రము తీసికొన్న పిమ్మటనే ఉస్తాద్ దానిని తండ్రి చేతికి అప్పగించినారు. బేరము సాగుచోట ఇంజిను ఆపుమనియు, పెట్రోలు ఊరక రాదనియు ఒక హెచ్చరిక చేసినారు.

వారము దినముల తరువాత కుర్రవాడు కళాశాలలో కనబడినప్పుడు బండి ఎట్లున్నదని అడిగినాము. "వేగం కొంచెం తగ్గింది సార్" అన్నాడు. తండ్రిగారి మాటేమని అడిగినాము. కాసేపు తల వంచుకొని చెప్పినాడు: "అబ్బా మోకాలికి మందు రాసుకోవడం మానేసినారు సార్. గాజులు కూడ చిట్లడం లేదు. పొద్దున బండి నేనే తుడిచి ఇస్తున్నాను."