ఉప్పు జాడీ ఎక్కడ పెట్టావమ్మాయ్?

వంటగది సర్దుకోవడం గురించి నాలుగు మాటలు వ్రాయమంటే నేను వెంటనే ఒప్పుకోలేకపోయాను. మా వీధిలో ఆ పనికి నాకు మంచి పేరే ఉంది. కాని ఆ పేరు వెనుక నేను చేసిన పొరపాటొకటి ఉంది. అది దాచిపెట్టి చిట్కాలు మాత్రం చెప్పడానికి మనసొప్పలేదు.

మాది బందరు. 2011 వేసవిలో మా అత్తయ్యగారు గుడివాడలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి పదిరోజులు ఉన్నారు. నేను టీచరును గనుక నాకు సెలవులు. కాపురానికి వచ్చి పదమూడేళ్ళయినా వంటగది మాత్రం ఆవిడదే. ఆవిడ ఊళ్ళో లేనప్పుడే దాన్ని బాగుచేసేయాలని కొంగు బిగించాను.

అటక మీద నుండి ఏమేమి దిగాయో చెబితే నవ్వుతారు. హార్లిక్సు సీసాలు ఇరవైమూడు, డబ్బాలు లేని మూతలు, మూతలు లేని డబ్బాలు, పాడైన కిరసనాయిలు స్టవ్వులు రెండు, సాగిపోయిన కుక్కరు రబ్బర్లు ఏడు. పెసరపప్పుకు పురుగు పట్టింది. వాము పొట్లానికి వాసనే లేదు. పప్పులు ఎండబోశాను, బియ్యం డ్రమ్ములో ఎండిన వేపాకు వేశాను, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి జాడీకెత్తాను. ఈ పనులకు నేనిప్పటికీ చింతించడం లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. బజారుకు వెళ్ళి ఒకే సైజు ప్లాస్టిక్ డబ్బాలు, లోపలి సరుకు పైకి కనబడేవి, పద్దెనిమిది తెచ్చాను. ఒక్కొక్కదానికి చీటీ అంటించి, సైనికుల్లా వరుసగా నిలబెట్టాను. పొయ్యి పక్కనున్న పోపు సామానంతా ఎదుటి గోడ అలమారలోకి మార్చాను. మేకుకు వేలాడే పట్టకారును సొరుగులో పెట్టాను. పాత డబ్బాలన్నీ పాత సామాన్లు కొనేవాడికి వేశాను. నోరు విరిగిన ఉప్పు జాడీని మాత్రం వాడు తీసుకోనన్నాడు, దాన్ని పెరట్లో పడేశాను. మావారు చూసి “బాగుందే!” అన్నారు. ఆ మాట మా ఇంట్లో అరుదు.

అత్తయ్యగారు తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, “శుభ్రంగా ఉందమ్మాయ్” అన్నారు. కాసేపటికి, “ఉప్పు జాడీ ఎక్కడ పెట్టావమ్మాయ్?” అని అడిగారు. చీటీ ఉన్న డబ్బా చూపించాను. మర్నాడు పప్పులో ఉప్పుకు బదులు పంచదార పడింది. అందరం నవ్వుకున్నాం. మూడోరోజున పట్టకారు కోసం గోడ మీద చెయ్యి పెట్టి తడిమారట. మేకు ఉంది, పట్టకారు లేదు. కొంగుతో గిన్నె దించబోయారు. మరిగే చారు మణికట్టు మీద ఒలికింది.

ఆ తరువాత ఆవిడ వంటగదిలోకి రాలేదు. “ఇక నువ్వే చూసుకో అమ్మాయ్, నాకు ఓపిక లేదు” అని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పెద్దావిడ, విశ్రాంతి తీసుకుంటారులే అనుకున్నాను. వంటగది నాకు దక్కిందన్న సంతోషం కూడా లోలోపల ఉంది. లేదంటే అబద్ధమవుతుంది.

తొమ్మిదేళ్ళ మా అబ్బాయి ఒకరోజు, “నానమ్మ నీ చీటీలు చదవలేదమ్మా. నేను పక్కనుండి వస్తే నన్నే చూడదు” అన్నాడు. మర్నాడే విజయవాడ తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించాం. నీటికాసులన్నారు, గ్లాకోమా. సాధారణంగా నొప్పి లేకుండా పక్క చూపు ముందు పోతుందట, అందుకే మనిషికి తెలియదట. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు మానకుండా వేస్తే మిగిలింది నిలబెట్టుకోవచ్చు అన్నారు. అది రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువ గనుక కొడుకునూ కూతురినీ చూపించుకోమన్నారు. మావారు ఇప్పటికీ ఏడాదికోసారి చూపించుకుంటున్నారు.

“ఇంత చూపు పోయినా వంట ఎలా చేస్తున్నారమ్మా?” అని డాక్టరుగారు అడిగితే, “వంటకు కళ్ళెందుకు బాబూ!” అన్నారు ఆవిడ.

బస్సులో వస్తుంటే నాకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. సొట్టపడిన గుండ్రటి డబ్బా పసుపు. పలకల డబ్బా కారం. నోరు విరిగిన జాడీ ఉప్పు. నేను చెత్త అనుకున్న ప్రతి సొట్టా ఆవిడకు ఒక గుర్తు. నేను సర్దకపోతే ఆవిడ చూపు సంగతి ఇంకెంతకాలం తెలిసేది కాదో! ఆ మాట చెప్పుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను గాని, ఆవిడ చేతి మీద బొబ్బ చూసినప్పుడు ఆ ఓదార్పు నిలవలేదు.

రెండోసారి ఇద్దరం కలిసి సర్దాం. ఆవిడ పీట మీద కూర్చున్నారు, నేను ఒక్కొక్కటే చేతికిచ్చాను. స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేర్లను బొటనవేలితో తడిమి, “ఇది మా పెద్దక్క పెట్టింది, ఉంచు. ఇది ఎవరో ఫంక్షనులో ఇచ్చింది, పనమ్మాయికి ఇచ్చెయ్” అనేవారు. నాకంటే ఆవిడే ఎక్కువ తీసేయించారు సుమా! కారం డబ్బాను చూడగానే, “వెలుతురు తగిలితే కారం రంగు చచ్చిపోతుంది, రేకు డబ్బాలో పొయ్యి” అన్నారు. ఇన్నేళ్ళు వంట చేస్తున్న నాకు అది తట్టలేదు. మిగిలిన డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేశాం: పంచదారకు ఒకటి, ధనియాల పొడికి రెండు. కత్తులు పిడి బయటికి, మొన లోపలికి. పట్టకారు తన మేకుకు. ఉప్పు జాడీని పెరట్లోనుండి తెచ్చి కడిగి పొయ్యి పక్కన పెట్టాను. తీసినవాళ్ళు తీసినచోటే పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పాం. మావారికి మాత్రం పదిసార్లు చెప్పవలసి వచ్చింది.

అక్కచెల్లెళ్ళారా, మీ ఇంట్లో పెద్దవారుంటే వారిని ఊరికి పంపి వంటగది సర్దకండి.

2018లో మమ్మల్ని విడిచి వెళ్ళిన ఏడాది వరకు మా ఇంట్లో చారు ఆవిడే పెట్టారు. ఈమధ్య గట్టు మీద చోటు చాలక ఉప్పు జాడీని పై అరలోకి మార్చాను. రెండు రోజులు నా చెయ్యే పాతచోటికి పోయింది. మూడోరోజు దాన్ని దించి మళ్ళీ అక్కడే పెట్టేశాను.