పాషాకి సెలైన్

పాషా అనగానే ముందు ఆ తడి కళ్ళే గుర్తొస్తాయి. పర్షియన్ పిల్లికి ముక్కు బాగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి వంకర తిరిగి, చెంపల మీద గోధుమరంగు చారలు కట్టేవి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి తుడవాలి. "ఏడుపుగొట్టు పిల్లిని డబ్బులు పోసి మరీ తెచ్చావే" అనేది అమ్మ. ఆ చప్పిడి ముక్కే నాకు ముద్దు. గురక పెడితే వీడియో తీసి అందరికీ పంపే వయసు.

హైదరాబాదు ఎండలకి ఆ బొచ్చుతో బాత్రూం గచ్చు మీదే బోర్లా పడుకునేవాడు.

ఏడో ఏట గిన్నెలో నీళ్ళు ఊరికే అయిపోవడం మొదలైంది. నోటి దగ్గర ఘాటు వాసన. స్కానింగులో కిడ్నీల నిండా నల్లటి గుండ్రాలు, నీటి తిత్తులు. పుట్టుకతోనే ఉంటాయట, మెల్లగా పెరుగుతాయట. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఆ జన్యులోపం ఉన్నా పిల్లల్లో సగానికి రావచ్చు. దాన్ని 2004లోనే కనిపెట్టారు, పరీక్షా ఉంది. పాషాతో పాటు ఇచ్చిన వంశవృక్షంలో తాతగారి పతకాలన్నీ ఉన్నాయి. ఈ ముక్క మాత్రం లేదు.

అది 2021 వేసవి. మందుల షాపు ముందు బారు. నా వెనకాయన ఆక్సీమీటరు దొరుకుతుందా అని ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. నేను పాషాకి ఎక్కించే సెలైన్ కోసం రింగర్ లాక్టేట్ సీసాలు అడిగాను. "పేషెంటు ఎవరమ్మా?" పిల్లి అనడానికి నోరు రాలేదు. "ఇంట్లో పెద్దాయన" అన్నాను. పూర్తి అబద్ధమూ కాదులెండి.

కర్టెన్ కడ్డీకి సీసా తగిలించి, భుజాల మధ్య తోలు పైకి లాగి సూది గుచ్చేదాన్ని. సెలైన్ చర్మం కింద చేరి ఒంటె మూపురంలా ఉబ్బేది. కాసేపటికి ముందుకాలి వైపు జారేది. కదలకుండా పట్టుకునేది అమ్మే. పిల్లి ఎదురొస్తే చెప్పులు విప్పి మళ్ళీ ఇంట్లోకొచ్చి కూర్చునే మనిషి! "కానీవే, నాయన ఓపిగ్గా ఉన్నాడు" అనేది.

ఎన్ని నెలలు అలా నెట్టుకొచ్చామో తెలీదు. పోయింది దసరాకి ముందో తర్వాతో అమ్మకీ నాకూ ఇప్పటికీ లెక్క కుదరదు. చివరి క్రియాటినిన్ మాత్రం గుర్తుంది, 9.2.

ఎవరైనా పర్షియన్ పిల్లిని కొంటామంటే, తల్లిదండ్రుల కిడ్నీ పరీక్ష కాగితం అడగమంటాను. "సరేగానీ, మీ పాషా ఫొటో ఉంటే పంపవా?" అంటారు. బాగా వచ్చిందే చూసి పంపుతాను.