కదలని నట్లు

గత వైశాఖమున మేము, తోడికోడండ్ర మిరువురము, అత్తగారిని కంటివైద్యమునకై ఒంగోలునుండి నెల్లూరునకు కారులో గొనిపోవుచుండగా, కావలి దాటిన పిమ్మట ముందుచక్రము పంక్చరయ్యెను. స్టెప్నీ కలదు, జాకీ కలదు, పానాయు గలదు. నట్లు మాత్రము కదలవు! నెలక్రిందట టైర్లు మార్చిన దుకాణమువారు గాలియంత్రముతో వానిని మితిమీర బిగించిరి. చిన్న కార్ల నట్లకు వలసిన బిగువు సుమారు 100 న్యూటన్ మీటర్లు. అనగా మీటరు పొడవు కాడ కొనను 10 కిలోల బరువు వ్రేలాడదీసినంత మాత్రమే.

తొందరలో ముందే జాకీ యెత్తి తప్పుచేసితిమి. చక్రము గాలిలో నున్నచో నట్టునకు మారు చక్రమే తిరుగును. కారు జాకీనుండి జారు భయమును గలదు. మరల దింపి ప్రయత్నించితిమి. చేతులు బొబ్బలెక్కెను. దారిన పోవు నొకాయన “మగవారు వచ్చేదాకా ఆగండమ్మా” యని సాగిపోయెను. తాను మగవాడన్న మాట మరచెను గాబోలు!

చెట్టునీడ నున్న అత్తగారు, “తిరగలికి పిడి నడుమ వేస్తారటే అమ్మాయీ, అంచున వేస్తారటే?” యనిరి.

ప్రక్క పొలమున రైతు నడిగి మూడడుగుల యినుపగొట్టము తెచ్చి పానాకాడకు తొడిగితిమి. కాడను ఎడమకు అడ్డముగా నుంచి, కొనను మెల్లగా క్రిందికి నొక్కగా కీచుమని మొదటి నట్టు వదలెను. పానాపై నెక్కి గంతులు వేయరాదు. జారినచో కాలు విరుగును, బోల్టు తెగినను తెగును. అన్నిటిని కొంచెము వదులుచేసిన పిదపనే జాకీ నెత్తితిమి. తిరిగి బిగించునప్పుడు గొట్టము ముట్టక, ఎదురెదురు నట్లను వరుసగా చేతిబలముతోనే బిగించితిమి.

నెల్లూరు చేరునప్పటికి వైద్యుని వేళ దాటెను; మరునాడు చూపించితిమి. గొట్టమును రైతు తిరిగి పుచ్చుకొనలేదు. అది నేటికిని మా స్టెప్నీ ప్రక్కనే యున్నది.