మా సందులోని మన్నుగంప

సంస్కృతము చదివిన ఫలమో, ఆంగ్లము చదివిన ఫలమో తెలియదు గాని, మా కోడేరులో ఏదైన క్రొత్తపని తలపెట్టినపుడు ఊరివారు నన్ను పిలుతురు. మొన్న వేసవిలో పాఠశాల ప్రక్కనున్న సందు చరిత్రను, అందు నడచువారు తామే అనుభవించునట్లు, ఒక ప్రదర్శనముగా అమర్చవలెననిరి.

మాదిరికై హైదరాబాదు పోయి మక్తాను చూచితిని. హుస్సేనుసాగరు చెంతనున్న ఆ పేటలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు ఇండ్లగోడలపై పెద్ద బొమ్మలు వ్రాయించిరి. రంగులు నాకు నచ్చినవి. అంతకంటె, ఆ గోడల నడుమ తన పని తాను చేసికొనుచున్న సంసారము నచ్చినది.

తిరిగివచ్చి చిత్తు గీసితిని. సందు మొదట తిరుగలి, రోలు. పిల్లలు త్రిప్పగా, దంచగా వాని చప్పుడు. నడుమ కట్టెలపొయ్యి వాసన. చివర తాళమువేసిన తలుపు. దాని ముందు పార, గంప. ఆ తలుపు లేక మా సీమలో ఏ సందుకును చరిత్ర లేదు. పాలమూరు కూలీలు నాగార్జునసాగరు మొదలుగా ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసిరి. గుంపు మేస్త్రి ముందుగా ఇచ్చిన సొమ్ము తీరువరకు ఇంటిత్రోవ పట్టుట వారి వశము కాదు. 1979లో అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము వచ్చినది. తాళములు మాత్రము పడుచునే యుండెను.

చిత్తు చూచి ఊరి పెద్ద ఒకరు నొచ్చుకొనిరి.

"సారూ, మన లేమిని బజార్ల పెట్టుడెందుకు? గుడి గోపురం బొమ్మ ఏపియ్యరాదా?"

ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఇతరుల దుఃఖమును చక్కగా అమర్చి మెప్పు పొందుట నాబోటి చదువరులకు సులభమైన పాపము. తలుపు తీసివేయుదునా యని రెండుదినములు ఊగిసలాడితిని.

మూడవనాడు, యౌవనమంతయు కాలువపనులలో గడపిన అవ్వ ఒకతె వచ్చి ఆ గంపను కాలితో కదల్చి చూచినది.

"ఏంది సారూ, ఉత్తగంప పెట్టినవ్? ఉత్తది ఎవరన్న మోస్తరు."

"ఎంత బరువుంటుండె అవ్వా?"

"మన్ను నింపి ఎత్తుకో, తెలుస్తది."

నింపితిమి. ఇద్దరు పిల్లలు పట్టి నా తలకెత్తిరి. సందు నిడివి నలువది అడుగులు. పదునాల్గవ అడుగున మెడ వణకి, దింపుడని కేకవేసితిని. అవ్వ నవ్వలేదు. చుట్టబట్ట సరిగా చుట్టుకొనలేదని మందలించి, తానే విప్పి మరల చుట్టసాగినది.

చిత్తులో 'చూచుటకు గంప' అని యున్నచోట 'మోయుటకు గంప' అని దిద్దితిని. పెద్దమనిషి ఇంకను ఒప్పుకొనలేదు. గోపురమును గోడపై తప్పక వ్రాయింతునంటిని. గంపను మాత్రము తీయనంటిని.