బలపం గీతలు

నల్లమల కొండలకు తూర్పున బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం ఊళ్లున్న మెట్టప్రాంతం మాది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. వానను నమ్ముకొన్న సేద్యం, వలస, పలకరాతి గనులు ఇక్కడివారి బతుకుతెరువులు. కోట్ల సంవత్సరాలు భూగర్భంలో ఒత్తిడికీ వేడికీ లోనైన బంకమన్ను, పొరలు పొరలుగా చీలే పలకరాయిగా మారింది. మా తరంవారు అక్షరాలు దిద్దింది ఆ రాతిమీదే. ఆ రాతిని కోసి, నునుపు చేసి, చట్రాలు బిగించే పనిలో ఒకప్పుడు బడియీడు పిల్లలెందరో ఉండేవారు. లోకానికి పలకలు చేసి ఇచ్చిన ఆ చేతులకు పలక పట్టే యోగం లేకపోయింది. 1988లో కేంద్రప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని ప్రారంభించినప్పుడు, తొలివిడతలో ఎంచుకొన్న పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు తెరిచి, చదువుతోపాటు భోజనమూ వృత్తివిద్యా అందించారు.

ఈ చరిత్ర నాకు చదువు ద్వారా తెలిసినదే. కాని దాని బరువు తెలియదు. తిక్కన స్త్రీపర్వంపై పరిశోధన చేసి, డాక్టరేటుతో ఉపన్యాసకుడిగా చేరాను. యుద్ధభూమిలో ఒక్కొక్క కొడుకును చూసి గాంధారి విలపించే ఘట్టంలోని అలంకారాలను లెక్కపెట్టినవాడిని. తరగతిలో ఎదుట కూర్చున్న దుఃఖం మాత్రం నా లెక్కకు రాలేదు.

ఒకనాడు చివరి బల్లమీది విద్యార్థిని పద్యం అప్పజెప్పమన్నాను. అతడు లేచి మౌనంగా నిలబడ్డాడు. అందరి ముందు కఠినంగా మందలించాను. మరునాటినుంచి అతడు రాలేదు. వారం గడిచాక ఇల్లు వెదుక్కొంటూ వెళ్లాను. గనిలో పనిచేసిన తండ్రి మూడు నెలల క్రితమే మరణించాడని అప్పుడు తెలిసింది. గడపలో కూర్చున్న ఆ పిల్లవాడు తల ఎత్తకుండా అన్నాడు: “నా ఫీజు కోసం మా నాయన రెండు పూటలా పనికి పోయినాడు సార్. నేను చదువుతాననకుంటే బతికేవాడు.”

ఇన్నేళ్ల నా పాండిత్యంలో ఆ మాటకు సమాధానం లేదు. తప్పు నాదేనని చెప్పి, మరునాడు కళాశాలకు రమ్మని మాత్రం అడిగాను.

సమాధానం నా సహోద్యోగియైన జంతుశాస్త్ర ఉపన్యాసకుని వద్ద దొరికింది. ఆయన తండ్రి ఆసుపత్రి కాగితాలు తెప్పించి చూశారు. తరువాత నల్లబల్లపై ఊపిరితిత్తుల బొమ్మ గీశారు. కంటికి కనిపించనంత సన్నని సిలికా ధూళి వాయుగోణుల దాకా చేరుతుందని, అక్కడ మచ్చలు కట్టి ఊపిరితిత్తిని బిగుసుకుపోయేలా చేస్తుందని వివరించారు. “ఇది కొన్ని వారాల పనితో వచ్చిన జబ్బు కాదు నాయనా. నువ్వు పుట్టకముందు నుంచీ పేరుకొన్న ధూళి” అన్నారు.

“అయితే నా వల్ల కాదా సార్?”

“కాదు.”

కొంతసేపటికి అతడు మరో ప్రశ్న వేశాడు. ధూళి లేవకుండా ఏం చేయాలి? కోసేచోట నీరు పోయడం, ముక్కుకు తగిన రక్షణ ధరించడం గురించి ఆ గంటంతా చర్చ సాగింది. తనను తాను నిందించుకొన్న మనస్సు కారణాన్ని వెదకడం మొదలుపెట్టింది.

కారణం తెలిసినంత మాత్రాన దుఃఖం తీరదు. అందుకని శనివారం మధ్యాహ్నాలలో ఇష్టమైనవారికి పలకలు, బలపాలు ఇచ్చి బొమ్మలు వేయమనేవాళ్లం. అతడు గనినీ, తలగుడ్డ చుట్టుకొన్న మనిషినీ గీశాడు. ముఖం మాత్రం ఖాళీగా వదిలాడు. అడిగితే, “ముఖం తలుచుకుంటే దగ్గే వినపడతాది సార్” అన్నాడు. నేను బలవంతపెట్టలేదు. ఆ వారం గాంధారి కథ చెప్పాను. ఈసారి అలంకారాల ప్రస్తావన తేలేదు. మహారాణి అయినా బిగ్గరగా ఏడ్చిందని మాత్రమే చెప్పాను. చెరిపి, గీసి, మళ్లీ చెరిపి, సంవత్సరాంతానికి అతడు తండ్రి ముఖం పూర్తిచేశాడు. కాగితం మీద అయితే సాహసించేవాడు కాదేమో! పలక తప్పును క్షమిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి టెరెజిన్ నిర్బంధశిబిరంలోని పిల్లలకు చిత్రలేఖనం నేర్పింది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌లో చంపివేశారు. ఆ పిల్లల బొమ్మలు వేల సంఖ్యలో నేటికీ ప్రేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. ఆమె కథ చదివిన రోజున మా పలకలు గుర్తుకువచ్చాయి.

అందరినీ నిలుపుకోలేకపోయాం. ఒక విద్యార్థిని కరవు ఏట కుటుంబంతో వలసపోయి తిరిగి రాలేదు. ఆమె సగం గీసిన వేపచెట్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆనాటి విద్యార్థి నేడు ఒక ఆసుపత్రిలో ఎక్స్-రే తీసే ఉద్యోగి. నిరుడు కలిసినప్పుడు చెప్పాడు: “రాతిపనివాళ్లు వస్తే ఫిల్ము తీసి ఊరుకోను సార్. వాళ్ల పిల్లలతో కూడా మాట్లాడతాను.” ఏం మాట్లాడతాడో నేను అడగలేదు. ఆ మాటలు నాకు తెలుసు.